చెరువు గట్టు మీద నోరు విప్పిన మనిషి

దేవసహాయం గారు పోయారన్న కబురు ఆదివారం పొద్దున్నే ఫోన్లో తెలిసింది. రాజమండ్రిలో చర్చికి బయల్దేరుతూ, చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ అలాగే మంచం మీద ఒరిగిపోయారట. వయసులో నాకన్నా ఏడాదో రెండేళ్లో పెద్ద, అంతే. ఇంకా టైముందిలే అనుకుంటూ వచ్చాను.

సమాధుల తోటలో నా వెనక నిలబడ్డ ఇద్దరు మెల్లగా మాట్లాడుకున్నారు.

"అప్పట్లో చెరువు పాడు చేసినాయన ఈయనేనా?"

"ఈయనేనండి. మనిషి మంచోడే గానీ, ఆ మచ్చ ఒకటి ఉండిపోయింది."

ఆ మచ్చ నాది. దాన్ని ఆయన మోశారు. ఆ సంగతి ఆయన్ని ఎరిగినవారికీ, ఎరగవలసినవారికీ చెప్పడం నా విధి.

తొంభైల మొదట్లో ఆయన మా పంచదార ఫ్యాక్టరీలో చేరారు. నేను ప్రొడక్షన్ మేనేజర్ని. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, చేతికొచ్చిన లెక్చరర్ ఉద్యోగం వదులుకుని, శుభ్రం చెయ్యని ఫ్యాక్టరీ మురుగు గేటు దాటకుండా చూసే ఉద్యోగానికి వచ్చారు. అలాంటి ఉద్యోగం ఒకటుందని అప్పటికి మా వైపు చాలామందికి తెలియదు. పెళ్లిచూపుల్లో మామగారు "పర్యావరణం అంటే ఏం పని బాబూ?" అని అడిగితే, "కాపలా పనండి. ఇంట్లోవాళ్లు దొంగతనం చెయ్యకుండా ఇంట్లోవాళ్లే జీతమిచ్చి పెట్టుకున్న కాపలా" అన్నారట. పిల్లనిచ్చిన మామగారి ధైర్యాన్ని తర్వాత తనే మెచ్చుకునేవారు.

కేంటీన్‌లో మేమంతా ఆయన్ని పొల్యూషన్ బోర్డు అల్లుడని ఏడిపించేవాళ్లం. "ఏమండీ అల్లుడుగారూ, అత్తారింటి నుంచి కబురేమైనా వచ్చిందా?" అంటే, ఇడ్లీ తుంచుతూ తలెత్తకుండానే, "వచ్చిందండి. ఈసారి మామగారే వస్తున్నారు, మీ ప్లాంటు చూసిపోడానికి" అనేవారు. నవ్వకుండా నవ్వించడం ఆయనకి సహజ విద్య.

తనిఖీకి అధికారులు వచ్చేముందు బయటికెళ్లే మురుగులో కాలువ నీళ్లు కలిపి పలచన చెయ్యడం అన్ని ఫ్యాక్టరీల్లోనూ జరిగేదే. మా జనరల్ మేనేజర్ గారు ఆ మాట ఎత్తితే దేవసహాయం గారు ఒప్పుకోలేదు. "థర్మామీటరు చన్నీళ్లలో ముంచితే రోగికి జ్వరం తగ్గుద్దా అండి?" అన్నారు. ఆ ఏడు ఫ్యాక్టరీకి నోటీసు వచ్చింది. ఆయనకి ఇంక్రిమెంటు రాలేదు. మరుసటి ఏడు మురుగు శుభ్రపరిచే కొత్త ట్యాంకులు వచ్చాయి. "నా ఇంక్రిమెంటు కాంక్రీటులో కలిసిందండి, చూడండి ఎంత గట్టిగా ఉందో" అని ట్యాంకు గోడ తట్టి చూపించేవారు.

డెల్టాలో ఎండాకాలం నీళ్లు ఆపి కాలువలు కట్టేస్తారు. కట్టేముందు ఊళ్లన్నీ తూములెత్తి మంచినీళ్ల చెరువులు నింపుకుంటాయి. మళ్లీ కాలువ వదిలేదాకా ఆ నీళ్లే తాగాలి. చెరువులు నింపే ఆ రోజుల్లో ఫ్యాక్టరీ నుంచి చుక్క కూడా కాలువలోకి పోకూడదని ఆయన నియమం. "పై ఊరి మురికి చివరికి చేరేది కింది ఊరి కుండలోకేనండి" అనేవారు.

తర్వాత ఒక ఏడు చెరకు ఎక్కువ పండి, సీజను ఎండాకాలం దాకా సాగింది. మురుగు గుంట అంచులదాకా నిండింది. గుంట పొంగకుండా ఉండాలంటే చెరకు క్రషింగ్ ఆపాలి. ఆపితే రైతుల బళ్లు గేటు ముందే ఎండుతాయి. దేవసహాయం గారు పొల్యూషన్ బోర్డు మీటింగుకి హైదరాబాదు వెళ్లారు. కాలువ ఇంకా నిండుగా పారుతోంది కదా, కొట్టుకుపోతుందిలే అనుకుని గుంటకీ కాలువకీ మధ్యనున్న షట్టర్ నేనే ఎత్తించాను. అదే వారంలో మా ఊళ్లోనూ చెరువు నింపుకుంటున్నారు. నేను డెల్టాలో పుట్టి పెరిగినవాణ్ణే. అయినా కింది ఊళ్ల తూములు తెరిచి ఉంటాయన్నది నాకు తట్టలేదు. మా ఊరు ఫ్యాక్టరీకి పైన ఉంది.

మర్నాడు పొద్దున్న ఆయన రైలు దిగి తిన్నగా ఫ్యాక్టరీకి వచ్చారు. కాలువ రంగు చూశారు. నన్నేమీ అడగలేదు. "పదండి మూర్తిగారూ" అని జీపెక్కించి కింది ఊరికి తీసుకెళ్లారు. చెరువు గోధుమరంగుకి తిరిగి, చేపలు తెల్లటి పొట్టలతో తేలుతున్నాయి. ఆడవాళ్లు బిందెలతో గట్టు మీద నిలబడి వాసన చూస్తున్నారు.

"ముంచకండమ్మా, తాగకండి. ఇందులో మా ఫ్యాక్టరీ మురుగు కలిసింది" అన్నారాయన.

"ఎవరయ్యా వదిలింది?" అని మంగమ్మ అనే ఆవిడ ముందుకొచ్చింది.

ఆయన ఒక్క క్షణం ఆగారు. నేను పక్కనే ఉన్నాను. నేల చూపులు చూశాను.

"ఫ్యాక్టరీ నీళ్లకి పూచీ నాదమ్మా" అన్నారు.

ఆ తర్వాత వచ్చిన తిట్లు ఇక్కడ రాయలేను. మంగమ్మ చేతిలోని ఖాళీ బిందె ఆయన భుజానికి తగిలింది. భుజం తడుముకుంటూనే నీళ్ల ట్యాంకర్లకి కబురు పెట్టారు. ఆ ఊళ్లో ఒక్క మనిషికీ ప్రాణం మీదికి రాలేదంటే, ఆయన ఆ పూటే వెళ్లి చెప్పబట్టి. ఊరివాళ్లకి మాత్రం ఆయన చెరువు పాడు చేసినాయన. యాజమాన్యానికి ఊరికెళ్లి పరువు తీసినాయన. ఎంక్వైరీ జరిగి, ఉద్యోగం పోయింది. ఇటు పోలవరం దాకా, అటు కాకినాడ దాకా ఏ ఫ్యాక్టరీ ఆయన్ని తీసుకోలేదు. నాకు ప్రమోషన్ వచ్చింది.

రాజమండ్రిలో చిన్న ల్యాబు పెట్టుకుని, రొయ్యల చెరువుల రైతులకి నీళ్లు పరీక్ష చేసిస్తూ బతికారు. కొన్నేళ్లకి ధైర్యం చేసి అక్కడికి వెళ్లాను. "ఆ రోజు నా పేరు ఎందుకు చెప్పలేదండీ?" అని అడిగాను.

గాజుగొట్టం కడుగుతూ చెప్పారు. "మీరు చెబుతారనుకున్నానండి. గట్టు మీద చెబుతారనుకున్నాను. ఎంక్వైరీలో చెబుతారనుకున్నాను. తర్వాత అనుకోవడం మానేశాను. కాఫీ తాగుతారా?"

తాగాను. తాగి, అప్పుడూ ఎవరికీ చెప్పకుండానే తిరిగొచ్చాను.

సమాధుల తోట నుంచి వచ్చిన మూడోనాడు చెరువున్న ఆ కింది ఊరు వెళ్లాను. మంగమ్మ ఉంది. ముసలిదైపోయింది, చూపు ఆనడం లేదు. అరుగు మీద పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాను. తిడుతుందని ఎదురుచూశాను. ఆవిడ చేత్తో తడిమి నా భుజం పట్టుకుంది.

"మా బాగు కోరి వచ్చిన మనిషిని కొట్టానయ్యా" అంది. "ఎక్కడ పెట్టారు ఆయన్ని?"

"రాజమండ్రిలో."

"నన్ను తీసుకెళ్లు. నువ్వు కూడా రా. అక్కడ నిలబడి ఇందాకటి మాట మళ్లీ చెప్పు."

ఈ వ్యాసం అచ్చయ్యేలోగా తీసుకెళతాను. నీతిని వృత్తిగా చేసుకుని, ఆ వృత్తికే బలైపోయిన మహానుభావుడాయన. ఆయన లోటు పూడేది కాదు. ఆ మట్టి దగ్గర నా చేతులు జోడించడానికి మంగమ్మ అనుమతి ఇచ్చింది. ఆయన ఇస్తారో లేదో అడగడానికి ఆయన లేరు.