లైను నింపే రెండు మాటలు

పత్రికలో శీర్షికలు పెట్టే ఆ పెద్దాయన చేతిమీదుగా ఇరవై రెండేళ్లలో ఒక్క లైనూ బోసిగా అచ్చుకాలేదు. మాటలు చాలకపోతే 'మతిస్థిమితం లేని' అని చేర్చేవాడు. ఆ రెండు మాటలు ఎక్కడైనా అతికేవి, కాదనడానికి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. నిన్న బస్సు అద్దం పగలగొట్టినవాడికీ వాటినే తగిలించి, టీ తాగడానికి వెళ్లాడు.

అతని తమ్ముడు వాచీలు బాగుచేస్తాడు. మనసు కుదురుగా ఉండడానికి తొమ్మిదేళ్లుగా రోజూ ఒక మాత్ర వేసుకుంటాడు. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు. ఇవాళ మధ్యాహ్నానికే దుకాణం మూసి ఇంటికొచ్చి, పేపరు అన్న ముందు పరిచి, బస్సు అద్దం వార్త మీద వేలు పెట్టాడు.

"అన్నయ్యా, ఇతను ఏ డాక్టరుకి చూపించుకుంటున్నాడు?"

"నాకేం తెలుసురా. రిపోర్టులో ఆ ముక్కే లేదు. కండక్టరుతో గొడవపడి రాయి విసిరాడంతే. లైను కాస్త తక్కువైతే పెట్టాను."

తమ్ముడు తలూపి, జేబులోంచి భూతద్దం తీసి తుడుచుకున్నాడు.

"పొద్దున్న ముగ్గురొచ్చారు. బాగుచేయకపోయినా పర్లేదని వాచీలు తీసుకెళ్లిపోయారు. ఒకాయనైతే పేపరు చంకలో పెట్టుకునే వచ్చాడు."

అన్న వంగి ఆ శీర్షిక మళ్లీ చదివాడు.

"పోనీలే," అన్నాడు తమ్ముడు, పేపరు మడుస్తూ. "లైను మాత్రం నిండుగా ఉంది."