తడక ఎత్తిన ఉపదేశకుడు

కొల్లేట్లో చేపలు పట్టినవాళ్ళ గొప్పలు మీరు చాలా విని ఉంటారు. ఒక ముసలాయన పదిహేను రోజులు కష్టపడి చేర్చుకున్న చేపల్ని ఒక్క పూటలో వదిలిపెట్టినవాడి కథ మాత్రం విని ఉండరు. ఆ ఘనుణ్ణి నేనే. పైగా ఆ రోజు నేను బయల్దేరింది ఓర్పును గురించి ప్రసంగం చెయ్యడానికి.

ఉప్పు సత్యాగ్రహానికి జైలుకు వెళ్ళినవాళ్ళు తిరిగొస్తున్న రోజులవి. పత్రికలో చేరకముందు, ఇరవయ్యేళ్ళ వయసులో, నేను ఏలూరులో ఒక క్రైస్తవ మిషనులో ఉపదేశకుణ్ణి. మమ్మల్ని ఊళ్ళమీదికి ఇద్దరిద్దరుగా పంపేవారు. ఒకణ్ణి వదిలి రెండోవాడు కదలకూడదన్నది నియమం. నా జత దానియేలుగారు, పెంటపాడులో పంతులుగా చేసిన పెద్దాయన. ఆయనతో ప్రయాణమంటే నత్తను తోడు తీసుకుని తిరణాలకు వెళ్ళడమే. దారిలో ఎవరు కనబడినా ఆగాలి.

"ఏమ్మా, నీ గేదె ఈనిందా?"

"ఇంకా లేదండి పంతులుగారూ."

"అలాగా! పోయినేడు ఈపాటికి ఈనేసినట్టుందే?"

ఆ గేదెకు తొందర లేదు, ఆయనకు తొందర లేదు. ఇద్దరి వాటా తొందరా నాకే వచ్చింది.

నా తొందరకు కారణం ఉంది. నేనింకా పరీక్ష మీద ఉన్నాను. ఆ ఆదివారం పది గంటలకు మా మిషను దొరగారు ఒక కొల్లేటి లంకలో నా తొలి ప్రసంగం వింటారు. మెచ్చుకుంటే ఉద్యోగం ఖాయం. లేకపోతే తాడేపల్లిగూడెంలో మా మేనమామ బట్టల కొట్లో గజంబద్ద పట్టుకోవాలి. మామయ్య అప్పటికే ఆ బద్దకు నూనె రాసి నాకోసం సిద్ధంగా ఉంచాడని కబురు. కళ్ళు మూస్తే చాలు, ఆ బద్ద కనబడేది.

తాటిమాను తొలిచిన దోనెలో కూర్చున్నాం. అప్పన్న అనే ఆయన వెనక నిలబడి గెడ వేస్తున్నాడు. నేను ఊపిరికొకసారి గడియారం చూసుకుంటున్నాను. అదీ మామయ్యదే. తొమ్మిదయింది. తొమ్మిదింబావు అయింది. ఎదురుగా కిక్కిస పొదల నడుమ, నీళ్ళకు అడ్డంగా పొడవాటి వెదురు తడక. తడక వెనకాలే ఊరు కనబడుతోంది. అప్పన్న దోనెను పక్కకు తిప్పాడు.

"అదేమిటి అప్పన్నా? ఊరు అటు కదా?"

"చుట్టు తిరగాలండి. ఇది గంగరాజు తాత కట్టు అండి. లోపల చేప ఉందండి."

"ఎంతసేపు పడుతుంది?"

"గంట పట్టుద్దండి."

"గంటా! తడక కాస్త ఎత్తి, దోనె దాటించి, మళ్ళీ దించెయ్యి."

అప్పన్న గెడ ఆపి, వాళ్ళ నాన్నను నేను తిట్టినట్టు నాకేసి చూశాడు. "ఒకళ్ళ తడక ఇంకోళ్ళు ముట్టకూడదండి. మీ ఇష్టమండి. నేనైతే ముట్టనండి."

దానియేలుగారు మెల్లగా అన్నారు. "గంటేగా బాబూ. ఈలోగా నీ ప్రసంగం ఇంకోసారి వల్లె వేసుకో."

ఆత్రగాడికి బుద్ధి మట్టు అంటారు. నాకు నీళ్ళు మొలమట్టు, బుద్ధి చీలమండ మట్టు. చలవ పంచెతో దిగిపోయాను. తడక పీకాను, దోనె తోశాను, తడకను మళ్ళీ బురదలో గుచ్చాను. అది తాగినవాడిలా నిలబడింది.

"సరిగ్గా నిలబెట్టి రా బాబూ," అన్నారు దానియేలుగారు.

"నిలబడిందండీ! పదండి, పదండి!"

దోనె కదులుతుంటే వెనక ఒక కొర్రమీను ఎగిరి పడిన చప్పుడు వినబడింది. తర్వాత ఇంకొకటి. నేను వెనక్కి చూడలేదు. చూడకపోతే జరగనట్టేనని అప్పటి నా సిద్ధాంతం.

లంక చేరేసరికి అక్కడి గోడ గడియారంలో పదికి అయిదు నిమిషాలుంది. అక్కడ తెలిసింది, దొరగారికి ముదినేపల్లిలో జ్వరం తగిలిందట. బుధవారం గానీ రారట! అయినా జనం పోగయ్యారు కనక మాట్లాడమన్నారు. మాట్లాడాను.

"ఓర్పు అంటే ఏమిటో మీ చేపలు పట్టే పెద్దల్ని చూసి నేర్చుకోవాలి! నెలకు సగం రోజులు నీళ్ళలో నిలబడి, తవుడుండలు వేసి, ఒక్కొక్క చేపా లోపలికి వచ్చేదాకా..."

ముందు వరసలో తెల్ల మీసాల ముసలాయన తృప్తిగా తల ఊపుతున్నాడు. ఇంతలో రేవు వైపునుంచి ఒకావిడ బిందె చంకనే పెట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"ఓ గంగరాజు తాతో! నీ తడక పడిపోయింది! చేపంతా పోయింది!"

మీసాలాయన లేచాడు. జనం లేచారు. నేను మాత్రం, ఎందుకో తెలియదు, "కాబట్టి సోదరులారా" అన్నాను. ఆయన నావైపు తిరిగాడు. మొలదాకా బురదైన నా పంచెను పైనుంచి కిందికి తీరిగ్గా చూశాడు.

"బాబుగారూ, ఆ బురద ఎక్కడిదండి?"

నేను పంచె కుచ్చెళ్ళు బురద మీదికి లాక్కున్నాను. అవీ బురదే. చివరికి, "నేనే తాతగారూ. ప్రసంగానికి ఆలస్యమవుతుందని..." అన్నాను.

"దేని గురించండి ప్రసంగం?"

"ఓర్పు గురించండీ."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "రేపు ఏలూరు నుంచి మస్తాను సాయిబుగారు సరుక్కి వస్తారండి. ఏం చూపించనండి, మీ ప్రసంగమా?" అన్నాడు గంగరాజు తాత. ఆ మాటకు నేను బురదకన్నా కిందికి దిగిపోయాను.

పెద్దలు కూర్చున్నారు. ఎవరి చేత తడక పడితే వాళ్ళే, మళ్ళీ చేప చేరేదాకా పగలంతా కట్టు దగ్గర కాపలా ఉండాలి. ఇది ఊరి కట్టుబాటు. మస్తాను సాయిబు మంచివాడు, కబురు పంపితే గురువారం వస్తానన్నాడు. దానియేలుగారు తన గొడుగు తీసుకుని నాతోపాటే దోనె ఎక్కారు.

"మీరెందుకండీ?"

"ఇద్దరిద్దరుగా వెళ్ళమన్నారు కదా బాబూ. కూర్చోవడానికి వేరే నియమం లేదుగా."

మామయ్య గడియారం నేను తడక దగ్గర దిగినప్పుడే నీళ్ళు తాగి తొమ్మిదీ ఇరవై దగ్గర ఆగిపోయింది. మొదటి రోజు, దొరగారు వచ్చి ఇది చూస్తే ఏమవుతుందోనని నూరుసార్లు లేచి నిలబడ్డాను. లేచినప్పుడల్లా దోనె ఊగి, చేరబోయిన చేప బెదిరి పోయేది. "కూర్చోండి బాబుగారూ, మీరు కొంగలకన్నా ఎక్కువ చెడగొడుతున్నారండి," అని తాత గట్టుమీంచి కేకవేసేవాడు. రెండో రోజుకు కూర్చోవడం వచ్చింది. గూడబాతు ఎలా దిగుతుందో చూశాను. నీటికాకిని తరమడంలో ఊళ్ళో పేరు తెచ్చుకున్నాను. మధ్యాహ్నం తాత మట్టగిడసల పులుసు పంపాడు. కోపం ఉన్నవాడు పులుసులో అంత చింతపండు వెయ్యడు. కడుపారా తిన్నాను.

బుధవారం దొరగారి పడవ వచ్చింది. కట్టు దగ్గర దోనెలో నల్లగా, ఎండ పొక్కులతో, కర్ర పట్టుకుని కూర్చున్న నన్ను చూసి ఆయన ఆగిపోయారు. లేచి నిలబడ్డ నా కళ్ళముందు గజంబద్ద నిగనిగలాడింది.

"ఈ యౌవనుడు ఇచ్చట ఏమి చేయుచున్నాడు?"

గట్టుమీదున్న గంగరాజు తాత నావంక చూశాడు. నిండుతున్న కట్టువంక చూశాడు. "ఓర్పు గురించి చెప్పడానికి వచ్చారండి. నోటితో చెప్తే మాకు సరిగా అర్థం కాలేదండి. మూడ్రోజులనుంచీ ఆరే చేసి చూపిస్తన్నారండి."

దొరగారి కళ్ళు చెమర్చాయి. "ఇట్టి ఓర్పు గలవానిని పట్టణమునందు ఉంచుట వృథా. నీ ఉద్యోగము ఖాయము. ఇక రెండేండ్లు నీవు ఈ లంకలోనే ఉండవలెను!"

నేను దోనెలో కూలబడ్డాను. దానియేలుగారు గొడుగు నా మీదికి జరిపి ఓదార్చారు. "రెండేళ్ళంటే ఎంత బాబూ? గేదెకు రెండు ఈతలు."

కనక పాఠక మహాశయుల ఎదుట, కొల్లేటి కొంగల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ తడకా ఎత్తను. మా పెరట్లో స్నానాల గదికి ఉన్న తడకైనా సరే, లోపల ఎవరూ లేరని తెలిసినా సరే, తువ్వాలు భుజాన వేసుకుని, బయట నిలబడి దగ్గుతూ, ఎవరో ఒకరు వచ్చి తీసేదాకా ఓర్పుగా ఎదురుచూస్తాను.