తెల్లకాగితం సాక్ష్యం

విమానాశ్రయం కార్గో షెడ్‌లో ఆయన్ని ఎదురుగా అందరూ సార్ అనేవారు, వెనక భూతద్దం అనేవారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసి కోపగించుకోలేదు గాని, ఆ పేరు పెట్టినవారికి పని అర్థం కాలేదని మాత్రం అనేవారు. "అద్దం తర్వాతి మాట. ముందు కాగితం."

ఆ కాగితం సంగతి చెప్పకుండా ఆయన గురించి చెప్పడం కుదరదు. మొక్కల క్వారంటైన్ ఇన్‌స్పెక్టరు పని దేశపు గుమ్మంలో నిలబడి, లోపలికి వచ్చే మొక్క గాని బయటికి పోయే పువ్వు గాని తన వెంట ఇంకెవరిని తీసుకుపోతున్నదో చూడటం. పూల పెట్టె తెరిచి ఒక కట్ట తీస్తారు. బల్ల మీద పరిచిన తెల్లకాగితం పైన దాన్ని తలకిందులుగా పట్టుకుని అరచేత్తో తడతారు. రేకుల సందుల్లో దాగిన తామర పురుగులు రాలి పడతాయి. పొడి రవ్వంత ఉంటాయవి. పుప్పొడి ఏదో పురుగు ఏదో ఒక్క చూపులో చెప్పడం ఎవరి తరమూ కాదు. కదిలితే పురుగు, కదలకపోతే దుమ్ము. ఆ శాఖలో చేరిన ప్రతివారూ నేర్చుకునే మొదటి పాఠం అది. కదిలినదాన్ని గుర్తుపట్టడానికే అద్దం.

ఉద్యోగం మొదట్లో ఆయన విదేశాల నుంచి ప్రయాణికులు దిగే హాల్లో పనిచేశారు. తడిగుడ్డలో చుట్టిన అంటుమొక్కలు, సాక్సుల్లో కుక్కిన విత్తనాలు, మట్టి వేళ్ళతో సహా పెకలించిన మొక్కలు రోజూ ఆయన చేతికి చిక్కేవి. "ఇది మొక్క కాదు నాయనా, మా చెల్లెలి గుర్తు" అని ఒకావిడ కంటనీరు పెట్టుకుంటే, ఆవిడ చెప్పినంతా విని, "గుర్తేనమ్మా, కాదనను. కానీ ఆ వేరు మట్టిలో ఏముందో మీ చెల్లెలికి కూడా తెలియదు కదా" అని తీసుకున్నారు. తీసుకునే ముందు మాట పూర్తిగా వినడం ఆయన పద్ధతి. విన్నందువల్ల వదిలిపెట్టిన దాఖలా మాత్రం లేదు.

ఒకసారి ఆయన అత్తగారే ఆ హాల్లో దిగారు, సంచీ నిండా నిమ్మకాయలతో. బంధువుల సరుకు తాను చూడకూడదన్నది శాఖ నియమం. ఆయన పక్కకు తప్పుకుని, సంచీని పక్క బల్ల ఇన్‌స్పెక్టరుకు అప్పగించారు. నిమ్మకాయలు పోయాయి. అత్తగారు ఇంటికొచ్చి కూతురితో అన్న మాట చుట్టాల్లో చాలాకాలం తిరిగింది. "అల్లుడే లాక్కున్నా బాగుండేదే. హాయిగా తిట్టుకునేదాన్ని. పరాయివాడి చేతిలో పెట్టాడు, ఇప్పుడెవర్ని తిట్టను?"

ఆ అత్తగారి కొడుకు, అంటే ఆయన బావమరిది, ఈ కథలో రెండో మనిషి. మాట దురుసు, పని జోరు. ఊరి బయట కొంత నేల కౌలుకు తీసుకుని, షేడ్‌నెట్లు వేసి చామంతులు పెంచాడు. రెండుసార్లు పంట దెబ్బతిన్నా వదలలేదు. మూడోసారి పూలు విరగబూశాయి. దూరదేశపు వ్యాపారి ఒకడు, మొదటి విడత చక్కగా చేరితే ఏడాది పొడుగునా కొంటానన్నాడు. చేరకపోతే ఆ మాట అక్కడితో సరి. ఆ మొదటి విడత వెళ్ళాల్సిన రోజునే ఇదంతా జరిగింది.

ఆ ఉదయం ఆయన ఇంట్లో ఒక చిన్న ముచ్చట నడిచింది. ఫ్రిజ్‌లోంచి తీసిన కొత్తిమీర కట్టను భార్య చేతికిస్తే, ఆయన అలవాటుగా దులిపి చూసి, శుభ్రంగా ఉందని తీర్పు చెప్పారు. ఆవిడ దాన్ని కిటికీ పక్కన పెట్టి వేరే పనిలో పడింది. తిరిగి వచ్చి చూస్తే ఆకుపచ్చని పురుగు ఒకటి కాడ వెంట తాపీగా నడుస్తోంది.

"ఏవండీ, ఇలా రండి. దేశానికి కాపలా కాసేవారు, కొత్తిమీర కట్టకి కాయలేకపోయారు."

"ఇందాక లేదే!"

"ఎక్కడికి పోతుంది? చలికి ముడుచుకుని పడుకుంది. ఎండ తగిలింది, లేచింది. మీరు ఆదివారం లేచినట్టే."

ఆయన నవ్వేశారు. ఆ నవ్వు షెడ్‌లో ఎంతోసేపు నిలవలేదు.

అంతకు ఏడాది ముందు నుంచి పూలు మామూలు వ్యానుల్లో రావడం మానేసి, ఏసీ బండ్లలో రావడం మొదలైంది. పెట్టె తెరిస్తే చల్లటి పొగ లేచేది. పువ్వు వాడిపోకుండా గబగబా చూసి, గబగబా మూసేవారు. చల్లబండ్లు వచ్చాక పూలలో పురుగు బాగా తగ్గిందని షెడ్‌లో అందరూ సంతోషించారు. వార్షిక నివేదికలో కూడా ఆ మాట గర్వంగానే రాశారు. రాసినవారిలో ఆయన కూడా ఉన్నారు.

బావమరిది పెట్టెల్ని నియమం ప్రకారం ఆయన చూడలేదు. చూసినావిడ ఆయన కింద పనిచేసే యువ ఇన్‌స్పెక్టరు. ఆమె పని మీద వంక పెట్టడానికి వీల్లేదు. చెప్పినన్ని పెట్టెలు తెరిచింది, చెప్పినన్ని కట్టలు తట్టింది. ఆయన దూరంగా, స్తంభం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"బావా, అయిపోయింది!" అని బావమరిది అక్కణ్ణించే కేకేశాడు. "కాగితం చూడు, పాలు పోసినట్టుంది."

"కదలికేమీ లేదు సార్," అంది ఆమె కాగితం మడవబోతూ. దాని మీద నాలుగైదు నలుసులున్నాయి. ప్రతి కాగితం మీదా ఉండేవే.

"అది దులపకమ్మా," అన్నారు ఆయన. "కాసేపు అలా ఉండనీ."

"ఎందుకు సార్?"

"పూలకింకా చలి తీరలేదు."

బావమరిది పకపకా నవ్వాడు. "స్వెటర్లు తెమ్మంటావా బావా? విమానం వెళ్ళిపోతుంది."

ఆమె నవ్వలేదు. గొంతు తగ్గించి, కాని స్పష్టంగా అంది. "సార్, ఇది మీ బావమరిదిగారి సరుకు. మీరు చూడకూడదు, చెప్పకూడదు. రేపు ఎవరైనా అడిగితే నేను జవాబు చెప్పుకోలేను."

"నిజమే. నేను ముట్టుకోను. మా ఇంట్లో పొద్దున జరిగింది ఒకటి చెబుతాను. విన్నాక ఏం చేయాలో నీ ఇష్టం." కొత్తిమీర సంగతి చెప్పి మళ్ళీ స్తంభం దగ్గరికి వెళ్ళిపోయారు.

ఆమె కాగితం మడవడం ఆపింది. తర్వాత కాగితాన్ని రెండు చేతులతో ఎత్తి, కిటికీలోంచి ఎండ పడుతున్న గట్టు మీద పెట్టింది. బావమరిది వాచీ చూసుకుంటూ, తల గోక్కుంటూ, గట్టు చుట్టూ తిరిగాడు. నలుసుల్లో ఒకటి కదిలింది. కదిలి ఆగి, మళ్ళీ నడిచింది. కాసేపటికి ఇంకొకటి దాని వెనక బయలుదేరింది.

బావమరిది మొహం వాడిపోయింది. తిట్టలేదు గాని, సూటైన మాటే అన్నాడు.

"నా పూలకేనా ఈ ఎండ? ఆ పక్క బల్ల మీద పెద్ద కంపెనీ పెట్టెలు ఇప్పుడేగా సీలేశారు? వాటికి చలి లేదా? బావమరిది కాబట్టి లోకువయ్యానా?"

ఈ ప్రశ్నను కోపంలో అన్న మాటగా తోసిపారేయడం తేలిక. ఆయన తోసిపారేయలేదు. నియమంలో లేని పరీక్ష ఒక్కరి సరుకుకే పెడితే, ఆ ఒక్కడు తన వాడైనా అది అన్యాయమే. ఆయన నేరుగా పై అధికారి గదిలోకి వెళ్ళి, ఆ రోజు చల్లబండ్లలో వచ్చిన పెట్టెలన్నీ మళ్ళీ తెరిపించమని అడిగారు.

"ఈ రోజువి సరే. మరి ఏడాదిగా పంపినవి?" అన్నాడు అధికారి.

"అవీ ఇలాగే చూశామండి. కదలకపోతే దుమ్మనుకున్నాం. చాలావాటి మీద నా సంతకాలే ఉన్నాయి."

పెట్టెలు తెరిచారు. కాగితాలన్నీ కిటికీ గట్టు మీద వరసగా పరిచారు. చాలామంది పూలు నిజంగానే శుభ్రంగా ఉన్నాయి. అవి విమానం ఎక్కాయి. పెద్ద కంపెనీ కాగితం మీద నలుసులు నడిచాయి. వారివీ బావమరిదివీ ఆగిపోయాయి. ఆ పెద్ద కంపెనీ పెట్టెలను తనిఖీ చేసి సీలు వేసింది భూతద్దమే అన్నది కూడా ఇక్కడ చెప్పడం న్యాయం.

పరాయివాడి సరుకైతే ఆయన నోరు విప్పేవారా అని తర్వాత చాలామంది అనుమానపడ్డారు. నిజాయితీ చూపించుకోవడానికి ఇంటివాణ్ణి బలిపెట్టాడని కొందరు అన్నారు. ఆయన్నే అడిగితే ఇచ్చిన జవాబు ఇది. "పరాయివాళ్ళ పూలైతే నేను ఆ కాగితం వైపు అంతసేపు చూసేవాణ్ణే కాదేమో. వాడి పూలు గట్టెక్కుతాయో లేదోనన్న బెంగతో చూశాను. ప్రేమకొద్దీ చూశాను. చూశాక కనబడింది. కనబడ్డాక కనబడలేదని ఎలా అనను?" ఈ జవాబును కాదనడానికి ఆధారం ఏదీ దొరకలేదు.

అయితే ఇంట్లో ఆయన భార్య ఆ సాయంత్రం అన్న మాట వేరు.

"మీరు చేసింది తప్పని నేననను. పురుగు పురుగే. కానీ వాడు ఆ పూలన్నీ బండిలో వేసుకుని ఒక్కడే వెనక్కి పోయాడు చూశారా? అప్పుడు మీరు వెళ్ళి వాడి పక్కన కూర్చోవాల్సింది."

"షెడ్‌లో ఇంకా పెట్టెలున్నాయి."

"పెట్టెలకి చాలామంది ఉన్నారు. వాడికి మీరొక్కరేగా బావ."

దూరదేశపు వ్యాపారి మళ్ళీ మాట్లాడలేదు. పూలు స్థానిక బజారులో వచ్చినంతకు పోయాయి. ఒక మనిషి ఏళ్ళ తరబడి పడ్డ పాటు ఒక్క ఉదయంలో పోయింది. న్యాయం జరిగిందన్నది దాన్ని పూడ్చదు. పూడ్చిందని ఆయన కూడా ఎప్పుడూ అనలేదు. షెడ్‌లో మాత్రం చల్లబండిలో వచ్చిన పూల కాగితాన్ని ముందు ఎండలో ఉంచాలన్నది నియమమైంది.

బావమరిది రాకపోకలు మానలేదు గాని, బావ ఆఫీసుకు వెళ్ళాకే వచ్చేవాడు. ఎప్పుడైనా ఎదురుపడితే మాటలు అక్క మీదుగా నడిచేవి. "అక్కా, ఆయన స్కూటరు అడ్డం తియ్యమను." "వాణ్ణి కాస్త తాళం చెవి ఇలా ఇమ్మను." మధ్యలో ఆవిడ, "నేనేమన్నా పోస్టాఫీసునా?" అని విసుక్కునేది.

చివరికి మార్పు వచ్చింది బజారులో, పరాయివాడి నోటి వల్ల. పెద్ద కంపెనీ ఏజెంటు ఒకడు టీ కొట్టు దగ్గర బావమరిదిని పట్టుకుని ఓదార్పు మొదలుపెట్టాడు.

"మన ఇద్దరి కొంపా ముంచింది మీ బావేనండి. ఆ మనిషికి మొక్కలంటే ప్రాణం, మనుషులంటే లెక్కలేదు. అంత రాతిగుండె..."

"ఆగండి," అన్నాడు బావమరిది. "మీ పూలలో పురుగుందా లేదా?"

"ఉంది అనుకోండి, కానీ..."

"నా పూలలో ఉంది. మీ పూలలో ఉంది. మా బావ గుండెలో ఏముందో మీకెందుకు? ఆయన్ని అనాలంటే నేననాలి. అక్కనిచ్చినవాళ్ళం. మీరేమిచ్చారని?"

టీ కొట్టువాడు ఈ మాటను ఆ పూటకే షెడ్ దాకా చేరవేశాడు. అది విన్నాక భూతద్దం ఆ రోజంతా తన అద్దాన్ని తుడిచిందే తుడుస్తూ కూర్చున్నారని యువ ఇన్‌స్పెక్టరు చెప్పింది.

మరుసటి పూతకు బావమరిది ఇంకో వ్యాపారిని వెతుక్కున్నాడు. పంపడానికి ముందురోజు, బావ ఇంట్లో ఉన్నాడని తెలిసే వచ్చాడు. చేతిలో చామంతుల కట్ట. చెప్పులు విప్పుతూనే, ఎవరి మొహమూ చూడకుండా అన్నాడు.

"అక్కా, ఒక తెల్లకాగితం ఇవ్వు."

కాగితం వచ్చింది. బల్ల మీద ఎండ పడేచోట పరిచి, కట్టను తలకిందులు చేసి తట్టాడు. నలుసులు రాలాయి. అతను వంగి చూశాడు, తల పక్కకు తిప్పి చూశాడు. ఏమీ తేల్చుకోలేక, అప్పుడు తలెత్తి బావ వైపు చూశాడు.

"నేను చూడకూడదు," అన్నారు ఆయన కుర్చీలోంచి. "బంధువుల సరుకు."

"ఇది ఇల్లు బావా. ఆఫీసు కాదు."

ఇన్ని నెలలకు నేరుగా అన్న మొదటి మాట అది. ఆయన లేచి వచ్చారు. కాగితం వైపు వెంటనే చూడలేదు. జేబులోంచి అద్దం తీసి బావమరిది చేతిలో పెట్టి, కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చున్నారు.

"తొందరేం లేదు," అన్నారు. "ఎండ తగలనీ."

ఇద్దరూ కాగితం మీదికి వంగారు.

"ఊపిరి కాస్త అవతలికి వదలండి," అంది ఆవిడ వంటింట్లోంచి. "పురుగైనా దుమ్మైనా, మీ ఇద్దరి గాలికే ఎగిరిపోయేట్టుంది."