చేపతలల పొడి

చేపతలలు వేగే వాసనకు అందరూ ముక్కు మూసుకుంటారు. నేను గుండె పట్టుకుంటాను.

నిజాంసాగర్ ఒడ్డున బేరగాళ్లు పారేసిన తలలు, ముళ్లు అవ్వ ఏరుకొచ్చి, ఎండబెట్టి, వేయించి, మిరపకాయలతో దంచేది. వానకాలమంతా మాకదే కూర. ఒకసారి తలలకంటిన పేగులు తీయబోయి చేదుతిత్తి చిట్లించాను. తన్నులకు భయపడి చెప్పలేదు. ఆ పచ్చటి పసరు విషమని నా నమ్మకం.

"నీ బిడ్డనే కడిగింది," అంటూ అవ్వ బాపుకు రొట్టె మీద ఆ తలల పొడే వేసింది. బాపు తింటుంటే కన్నార్పకుండా చూశాను.

"ఏందే, నా ముఖంల చేపలు ఈదుతున్నయా?"

"బాపూ, పాణం ఎట్లున్నది?"

"ఇంకో రొట్టె అడుగుతున్నది."

మర్నాడూ బతికే ఉన్నాడని నేనూ రుచి చూశాను. వేపాకే నయం.

ఆ చేదుతో ఇంకో రొట్టె ఎందుకడిగాడో, నా బిడ్డ మొదటిసారి వండిపెట్టిన నాడుగానీ తెలియలేదు.