బెర్గెన్‌లో బూటు కరిచిన శనివారం

రిటైర్మెంటుకు నాలుగేళ్ల ముందు, జూన్ మొదటి వారంలో, నార్వే దేశంలోని బెర్గెన్ నగరంలో జరిగే ఒక సదస్సుకు నన్ను పంపుతూ ఉత్తర్వు వచ్చింది. అప్పుడు నేను కరీంనగర్‌లో కుష్ఠు నివారణ విభాగంలో ఫిజియోథెరపీ టెక్నీషియన్‌ని. మా దగ్గర వ్యాధిని నిర్ధారించి మందు రాసేది మెడికల్ ఆఫీసర్. ఊరూరా తిరిగి కేసులు వెతికేది పారామెడికల్ సిబ్బంది. టెక్నీషియన్ ఈ ఇద్దరికీ మధ్యలో ఉంటాడు. మందులతో వ్యాధి పూర్తిగా నయమైపోతుంది గానీ, అప్పటికే నరం దెబ్బతిన్న చేతులూ కాళ్లూ అలాగే మిగిలిపోతాయి. వాటిని కాపాడడమే నా ఉద్యోగం.

సదస్సుకు నిజానికి మా డాక్టరుగారు వెళ్లాలి. ఆ వారమే రాష్ట్ర బృందం తనిఖీకి వస్తుండడంతో ఆయన ఆగిపోయారు. "విషయం పాదాల గురించి. నాకంటే మీకే ఎక్కువ తెలుసు, దేవసాయం. మీరు పొండి" అన్నారు. మా శాఖలో టెక్నీషియన్‌ను విదేశం పంపడం అంతకుముందు నేనెరగను. నేను లక్సెట్టిపేటలో మిషన్ సంఘపు కుటుంబంలో పుట్టినవాణ్ణి. ప్రయాణం సంగతి తెలియగానే అక్కడి పాస్టరుగారు ఆదివారం ఆరాధనలో నాకోసం ప్రత్యేక ప్రార్థన చేశారు. నా భార్య సుగుణ టవర్ సర్కిల్‌కు వెళ్లి నల్లతోలు బూట్లు కొనుక్కొచ్చింది. ముప్పయ్యేళ్లుగా కాళ్లకు చెప్పులే వేసుకున్న మనిషిని, ఆ బూట్లను పెట్టెలో పెట్టి, విమానాశ్రయంలోనే తొడుక్కున్నాను.

సదస్సులో నేను ఒక కేసు గురించి చెప్పాల్సి ఉంది. హుజూరాబాద్ దగ్గరి ఒక ఊళ్లో రాజవ్వ అనే యాభై ఏళ్ల మనిషి. మేకలు కాస్తుంది. ఆమెకు వ్యాధి ఎప్పుడో నయమైంది, పాదాల్లో స్పర్శ మాత్రం తిరిగి రాలేదు. స్పర్శ లేని పాదానికి ముల్లు దిగినా, రాయి గుచ్చుకున్నా మనిషికి తెలియదు. నడుస్తూనే ఉంటుంది, పుండు పడుతుంది, లోపలి ఎముక దాకా పోతుంది. అందుకని అలాంటివారికి మేం ఎంసీఆర్ చెప్పులు ఇస్తాం. పైన మెత్తని రబ్బరు, కింద గట్టి అడుగు, మధ్యలో మేకు అనేదే ఉండదు. కాలి నుంచి జారిపోయినా తెలియదు కాబట్టి మడమ వెనక పట్టీ తప్పనిసరి. వాటిని మా దగ్గర కుట్టేది ఖాజా భాయ్. అంత నాణ్యంగా కుట్టేవాణ్ణి నేను మళ్లీ చూడలేదు.

అయినా రాజవ్వ కుడికాలి చిటికెనవేలు కింద పుండు మూడుసార్లు పడింది, మూడుసార్లూ మానింది. ఆమె కార్డు మీద మూడుసార్లూ నా చేతిరాతతోనే ఒకటే మాట ఉంది: "సూచనలు పాటించదు." నాలుగోసారి పడితే పాదం ముందు భాగం తీసేయాల్సి వస్తుందని హైదరాబాదు సర్జన్ చెప్పాడు. నేను బయల్దేరేటప్పటికి నాలుగో పుండు మొదలైంది. జులైలో ఆపరేషన్ అనుకున్నారు.

సదస్సులో రెండో రోజు ఈ కేసు చెప్పాను. ఫొటోలు చూపించాను, పుండు కొలతలు చదివాను. కారణం ఏమనుకుంటున్నారని ఎవరో అడిగితే, రోగి నిర్లక్ష్యం అని జవాబిచ్చాను. అడిగినాయన తలూపి కూర్చున్నాడు. ఆ తలూపడం నాకు తృప్తిగానే అనిపించింది.

శుక్రవారంతో సదస్సు ముగిసింది. విమానం ఆదివారం పొద్దున. మధ్యలో శనివారం పూర్తిగా నాది. మిగతావాళ్లంతా పడవలో కొండల మధ్య సముద్రపు పాయలు చూడటానికి వెళ్లారు. నీళ్లంటే నాకు జంకు. నేను నడిచే వెళ్లి ఊరు చూద్దామనుకున్నాను. ముఖ్యంగా ఒక చోటు చూడాలని ఉంది. కుష్ఠురోగులను ఒకప్పుడు ఉంచిన పాత ఆసుపత్రి ఒకటి ఆ నగరంలో ఉంది, ఇప్పుడది మ్యూజియం. ఈ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని మొదట కనుక్కున్నది ఆ నగరంలోనే. మా శిక్షణలో మొదటి పాఠంలోనే ఆ ఊరి పేరు వస్తుంది.

కరీంనగర్‌లో రోహిణి కార్తె ఎండను వదిలి వచ్చినవాణ్ణి. అక్కడ జూన్ నెలలో స్వెట్టరు మీద కోటు వేసుకుని, గొడుగు పట్టుకుని బయల్దేరాను. సన్నని వాన కురుస్తుంది, ఆగుతుంది, మళ్లీ కురుస్తుంది. అక్కడివాళ్లెవరూ దాన్ని పట్టించుకోవడం లేదు. రేవు దగ్గర చెక్క ఇళ్లు ఒకదాని భుజానికి ఒకటి ఆనుకుని నిలబడి ఉన్నాయి, ఎరుపూ పసుపూ తెలుపూ. కొన్ని పక్కకు ఒరిగి ఉన్నాయి. చేపల మార్కెట్‌లో ఒక మనిషి నా ఎత్తు ఉన్న చేపను బల్ల మీద పడుకోబెట్టి కోస్తున్నాడు. లక్సెట్టిపేటలో గోదావరి చేపల కోసం బేరం చేసే మా బాపు గుర్తొచ్చాడు. ఆయన ఆ చేపను చూసి ఉంటే గంటసేపు కదిలేవాడు కాదు.

రేవు దాటితే ఊరంతా ఏటవాలే. కొండగట్టు ఎక్కినట్టు ఎక్కాలి. సందుల్లో గుండ్రటి రాళ్లు పరిచారు, వానకు నున్నగా మెరుస్తున్నాయి. తెల్లరంగు వేసిన చెక్క ఇళ్ల కిటికీల్లో పూలకుండీలు. ఒక ముసలామె కిటికీలోంచి చెయ్యి ఊపింది, నేనూ ఊపాను. దారి తప్పాను, అడిగాను, మళ్లీ తప్పాను. నాకేమీ తొందర లేదు. ఉద్యోగంలో చేరాక ఏ రికార్డూ చంకలో లేకుండా, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేకుండా అన్ని గంటలు నడవడం అదే మొదలు. మనసుకు చాలా హాయిగా ఉంది.

ఆ ఆసుపత్రి రెండంతస్తుల చెక్క భవనం. నడిమి హాలు చుట్టూ చిన్న గదులు, ఒక్కో గదిలో ఇద్దరు ఉండేవారట. గదుల గడపల దగ్గర నేలచెక్కలు అరిగి గుంతలు పడి ఉన్నాయి. అన్నేళ్లు అదే హాల్లో నడిచిన పాదాలు వాటిని అరగదీశాయి. ఆ గుంత మీద చేయి పెట్టి చూశాను. కాపలాగా ఉన్న అమ్మాయి వచ్చి, ఏమైనా కావాలా అని అడిగింది. నేను కుష్ఠు విభాగంలోనే పని చేస్తానని చెబితే, ఆమె తాడు కట్టి మూసి ఉంచిన ఒక గది తెరిచి చూపించింది.

బయటికి వచ్చాక తెలిసింది, ఎడమకాలు మండిపోతోంది. చిటికెనవేలి పక్కన బూటు కరిచింది. పక్కనున్న చర్చి మెట్ల మీద కూర్చుని మేజోడు విప్పితే, రూపాయి బిళ్లంత బొబ్బ. నాకు నవ్వొచ్చింది. కొత్త చెప్పులు మొదటిరోజు అరగంటకు మించి వేసుకోవద్దని ఎన్ని వందలమందికి చెప్పి ఉంటాను! నొప్పి తెలుస్తున్నందుకు దేవునికి స్తోత్రం చెప్పుకుని కుంటుకుంటూ లేచాను.

రెండు సందులు దాటాక ఒక చిన్న దుకాణం ముందు చెక్కతో చేసిన పాదం బొమ్మ వేలాడుతోంది. లోపల అరవై ఏళ్లు దాటిన ఒకామె తోలు ఏప్రాన్ కట్టుకుని బూటు అడుగు అతుకుతోంది. పేరు సోల్‌వేగ్ అని తర్వాత చెప్పింది. నా వచ్చీరాని ఇంగ్లీషుకు ఆమె ఇంగ్లీషు సరిగ్గా సరిపోయింది. బూటు విప్పి ఇవ్వబోతే తీసుకోలేదు. ముందు, పొద్దున్నుంచి ఏ దారిన నడిచావని అడిగింది. నాకు సందుల పేర్లు తెలియవు. రేవు నుంచి పైకి, గోడ కుడిచేతి పక్కన ఉండేటట్టు వచ్చానని చెప్పాను. ఆమె గొడుగు తీసుకుని, నన్ను బయటికి తీసుకెళ్లి, సందులో పైకీ కిందికీ నాలుగుసార్లు నడిపించింది. తాను వెనక వంగి చూస్తూ నడిచింది. వానలో ఇద్దరం అలా తిరుగుతుంటే పిల్లలు ఆగి చూశారు.

తర్వాత ఆమె చెప్పింది ఇది. వాన నీళ్లు జారిపోవడానికి ఆ సందులు ఒక పక్కకు వాలి ఉంటాయి. నేను పైకి వచ్చినంతసేపూ నా ఎడమకాలు పల్లంలో ఉంది. ఒంటి బరువంతా ఆ పాదం బయటి అంచు మీద పడింది. "నీ బూటు మంచిదే. చదునైన నేల మీద నిన్ను కరిచేది కాదు" అంది.

ఆమె తోలును ఆ చోట సాగదీస్తుంటే, నేను ఫోను తీసి ఖాజా భాయ్ కుట్టిన చెప్పుల ఫొటోలు చూపించాను. పని బాగుందని రెండుసార్లు అంది, కుట్టును పెద్దది చేసి చూసింది. రాజవ్వ పాదం ఫొటో కూడా చూపించాను. పుండును చాలాసేపు చూసి, ఒకే ప్రశ్న అడిగింది. ఈమె ఎక్కడ నడుస్తుంది?

నా దగ్గర రాజవ్వ పాదం పొడవు ఉంది, వెడల్పు ఉంది, నైలాన్ దారం తాకించి స్పర్శ పరీక్షించిన పది చోట్ల వివరం ఉంది, నాలుగు పుండ్ల కొలతలు ఉన్నాయి. ఆమె ఎక్కడ నడుస్తుందో నాకు తెలియదు. పదకొండేళ్లుగా ఆమెను బల్ల మీద కూర్చోబెట్టే చూశాను. తెలియదని చెప్పాను. సోల్‌వేగ్ బూటులో చిన్న ఉన్నిముక్క పెట్టి ఇచ్చింది. ఆ సాయంత్రం ఊరంతా మరోసారి చుట్టి వచ్చాను. కాలు నొప్పి పెట్టలేదు. కానీ పొద్దుటి హాయి కొంత తగ్గింది. సదస్సులో నేనిచ్చిన జవాబు మాటిమాటికీ గుర్తొచ్చింది.

కరీంనగర్ తిరిగి వచ్చిన మూడోరోజు, ఖాజా భాయ్‌ని వెంటబెట్టుకుని పొద్దున్నే రాజవ్వ ఊరికి వెళ్లాను. ఆమె మేకలను విప్పుతోంది. మమ్మల్ని చూసి బెదిరింది.

"గిప్పుడే కాలు కోస్తర సారు? జులైల అన్నరు గద."

"కొయ్యడానికి రాలేదు రాజవ్వా. నీ వెంట నడుద్దామని వచ్చినం."

ఆమెకు నమ్మకం కలగలేదు, అయినా నడిచింది. ఊరు దాటగానే కాలువ కట్ట ఎక్కింది. కట్ట పైభాగం బండ్లు తిరిగి గుంతలు పడింది, గడ్డి ఉన్న కట్ట వాలులోనే మేకలు మేస్తూ పోతాయి. ఆమె వాటి వెనక వాలులోనే నడుస్తుంది. కుడికాలు ఎప్పుడూ పల్లంలో. మైలున్నర దూరం. తిరిగి వచ్చేది తారురోడ్డు మీద. అంటే ఆ వాలు ఎడమకాలికి ఎన్నడూ పడదు.

కట్ట దిగాక ఒర్రె వచ్చింది, మోకాలిలోతు నీళ్లు పారే చిన్న వాగు. అక్కడ ఆమె ఆగి, పట్టీలు విప్పి, చెప్పులు చేతిలో పట్టుకుంది. ఒట్టికాళ్లతో రాళ్ల మీదుగా దాటింది. దాటాక కూడా వేసుకోలేదు. కాళ్లు ఆరేదాకా అలాగే గులకరాళ్ల మీద నడిచింది.

"చెప్పులు ఎందుకు ఇప్పినవ్?" అని అడిగాను. నా గొంతు కొంచెం గట్టిగానే వచ్చి ఉంటుంది.

"నానితే కరాబైతయి గద సారు" అంది రాజవ్వ. "ఆరు నెలల దాక ఇంకో జత రాదు, పైలంగ వాడుకో అని మీరే చెప్పిండ్రు. నేను మంచిగ కాపాడుకుంటున్న. సూడుండ్రి, జర్రంత గూడ చినగలే."

చెప్పులు ఎత్తి చూపించింది. నిజమే. నాలుగు నెలల జత, కొత్తదానిలా ఉంది.

ఖాజా భాయ్ అక్కడే రాయి మీద కూలబడ్డాడు. "అరె సారు, నేనే చెప్పిన. నా నోటితోనే చెప్పిన. పైలంగ వాడుకోమంటే గిట్ల చేస్తదని నాకేం తెలుసు!" అన్నాడు. నేనూ అదే చెప్పానని అతనికి గుర్తుచేశాను. సూచనలు పాటించనిది ఆమె కాదు. ఇచ్చిన సూచనల్లో ఒకదాన్ని ఆమె మాకంటే శ్రద్ధగా పాటించింది.

ఆ వారమే ఖాజా భాయ్ రెండు జతలు కుట్టాడు. ఒకటి నీళ్లలో దిగడానికి, ఒకటి ఆరిన నేలకు. ఆరు నెలలకు ఒక జతే అన్న నిబంధన దాటడానికి డాక్టరుగారు ప్రత్యేకంగా రాసి సంతకం చేశారు. కుడి చెప్పుకు ఖాజా భాయ్ బయటి అంచు వైపు అడుగున సన్నని రబ్బరు పట్టీ వేసి ఎత్తు పెంచాడు. మొదటిసారి ఎక్కువ ఎత్తయింది, ఆమె చీలమండ మెలిపడింది. రెండోసారి కట్ట మీదే కూర్చుని, ఆమెను నడిపించి చూస్తూ చెక్కాడు. జులై ఆపరేషన్‌ను డాక్టరుగారు నెల వాయిదా వేయించారు. ఆగస్టులో మరో నెల. పుండు దసరా ముందు పూర్తిగా మూసుకుంది. మరుసటి ఏడాది వానాకాలంలో ఒకసారి చిన్నగా పగిలి, రెండు వారాల్లో మానింది. నేను రిటైరయ్యేనాటికి రాజవ్వ తన రెండు పాదాల మీదే మేకల వెంట తిరుగుతోంది.

ఆ మిగిలిన నాలుగేళ్లలో పుండు తిరగబెట్టిన ప్రతి ఒక్కరితోనూ ఒక పూట నడిచాను. కొందరిది నిజంగా నిర్లక్ష్యమే. ఎక్కువమందిది కాదు. ఒకాయన మసీదు మెట్ల దగ్గర చెప్పులు విడిచి ఎండలో కాలే బండల మీద నడిచేవాడు. ఒకామె దొర ఇంటి ముందు చెప్పులు చేతపట్టుకునేది. ఇవేవీ మా గదిలోని బల్ల మీద కనబడేవి కావు. కార్డులో "నడిచే దారి" అని ఒక గడి నా చేత్తోనే గీసుకుని నింపేవాణ్ణి. అచ్చు కార్డులో అది రాలేదు.

పాదాన్ని పరీక్షించడానికి ముందు అది నడిచే నేలను పరీక్షించాలి. రోగి మాట వినలేదని రాసే ముందు, మనం ఏం చెప్పామో ఆ రోగి నోటితోనే ఒకసారి చెప్పించుకుని వినాలి. ఈ రెండూ పాఠ్యపుస్తకంలో ఉండవలసిన సంగతులు. నేను ఉద్యోగంలో చేరిన ఇరవై ఎనిమిదో ఏడు నేర్చుకున్నాను.