ఏడో వాయిదా

రెండేళ్ల కిందట, జూన్ పన్నెండో తేదీ, సోమవారం, ఉదయం పదిన్నరకు ఇదంతా మొదలైంది. వేసవి సెలవుల తర్వాత కోర్టు తెరిచిన రోజు. కోనసీమలో ఏ ఊరి కోర్టో రాయను. కొత్త జడ్జిగారు సరిగ్గా పదిన్నరకు బెంచీ మీదికి వచ్చారు. పాతాయన ఉండగా పదకొండుంబావుకు ముందు ఆ కుర్చీలో ఎవరినీ చూడలేదు నేను. ఆ రోజు హాల్లో ఉన్న ప్లీడర్లు నలుగురే. పిలిచిన మొదటి పది కేసుల్లో ఏడింటికి లేచి నిలబడినవాళ్లు లేరు.

నా కేసు చిన్నది. అమ్మ ద్వారా నాకు వచ్చిన ఎకరం కొబ్బరి తోట ఉంది. దాని పక్క చేను కొన్నాయన వరి మానేసి రొయ్యల చెరువు తవ్వించాడు. అందులో ఉప్పునీరు పెడితే ఊట నా తోటలోకి దిగుతుంది, చెట్లు చస్తాయి. నీరు పెట్టకూడదని కోర్టు నుంచి తాత్కాలిక ఉత్తర్వు తెచ్చుకున్నాను. కేసు బతికి ఉన్నంతకాలమే ఆ ఉత్తర్వు ఉంటుంది. తవ్విన చెరువు ఎండి పడి ఉంది, మోటార్లు గట్టు మీద ఉన్నాయి.

కొత్త జడ్జిగారు ఆ రోజు ప్లీడర్లకు చెప్పినవన్నీ పుస్తకంలో రాసుకున్నాను. పిలుపు వచ్చేసరికి హాల్లో ఉండాలి. ఫైలు చదివి రావాలి. వాయిదా అడగడానికి మాత్రమే జూనియర్‌ని పంపకూడదు. సాక్షిని బెదిరించకుండా, అతనికి తెలిసిన మాటల్లో అడగాలి. చివర్న ఒకటన్నారు. "తయారుగా లేనంటే టైమిస్తాను. తేదీలు అబద్ధం చెబితే మాత్రం ఇవ్వను."

నాకు సంతోషం వేసింది. ముప్పై ఒక్క ఏళ్లు పల్లెటూరి పోస్టాఫీసు నడిపినదాన్ని. పొద్దున్నే ముద్రలో తేదీ మార్చకుండా ఏ పనీ ముట్టుకోలేదు. ఇన్నాళ్లకు ఆ కుర్చీలోకి సరైన మనిషి వచ్చాడనుకున్నాను.

జడ్జిగారి సంగతి మధ్యాహ్నం వరండాలో బెంచి క్లర్కు చెప్పాడు. వాళ్ల నాన్న అంబాజీపేటలో కొబ్బరికాయలు వొలిచేవాడట. ఇంటి స్థలం గురించి దావా వేసి, వాయిదా వాయిదాకీ పని మానుకుని వెళ్లేవాడట. ప్లీడరు ప్రతిసారీ వచ్చే తేదీకి తేలిపోతుందనేవాడట.

"మరి గెలిచేరా?" అని అడిగాను.

"ఆయ్, గెలిచేరండి. గెలిచేసరికి ఆ స్థలంలో అవతలోళ్ల డాబా లేచిపోయిందండి."

మా ప్లీడరుగారిది నెమ్మదైన స్వభావం, ముప్పై ఏళ్ల పరిచయం. నా సాక్ష్యాన్ని ప్రమాణపత్రంగా రాసి కోర్టులో దాఖలు చేయాల్సింది ఆయనే. చేయలేదు. ప్లీడర్ల మధ్య ఒక మర్యాద ఉంటుంది. అవతలి ప్లీడరింట్లో పెళ్లో తద్దినమో ఉంటే ఈయన తనకే పని ఉన్నట్టు వాయిదా అడుగుతాడు. ఈయనకు పని పడితే ఆయన అడుగుతాడు. నా సాక్ష్యానికి పోయిన ఆరు వాయిదాల్లో మూడు అవతలాయన కోసం మా ప్లీడరుగారు చేసిన మర్యాదలు.

ఆగస్టు ఇరవై ఒకటి, సోమవారం, పదకొండు గంటల ఐదు నిమిషాలకు మా కేసు పిలిచారు. మా ప్లీడరుగారు లేచి, కాగితాలు తయారు కాలేదని, టైము కావాలని అడిగారు.

"సాక్ష్యానికి ఇది ఎన్నో వాయిదా అండీ?" అన్నారు జడ్జిగారు.

"రెండోదండి."

జడ్జిగారు ఫైలు తిప్పారు. పాతాయన రాసిన పేజీల్లో వాయిదా అనే ఉంది గాని ఎవరు అడిగారో లేదు. కలం తీశారు. తేదీ ఇవ్వబోతూ నా వైపు చూసి, "అమ్మగారూ, ఇంకో తేదీ ఇస్తే వచ్చి సాక్ష్యం చెబుతారా?" అని అడిగారు.

ఆయ్ అని ఊరుకుంటే సరిపోయేది.

"వస్తానండి. కానీ ఇది రెండోది కాదండి, ఏడోది" అన్నాను. పుస్తకం తెరిచి ఆరు తేదీలూ చదివాను. ఎవరూ చదవమనలేదు. ఎవరూ ఆపలేదు.

నిజమేనా అని జడ్జిగారు మా ప్లీడరుగారిని అడిగారు. ఆయన అవునన్నట్టు తలూపారు. ఇక టైమివ్వనని జడ్జిగారు దావా కొట్టేశారు. దాంతోపాటు చెరువు మీది ఉత్తర్వూ పోయింది. తప్పు మీది కాదమ్మా అని జడ్జిగారు నాతో మెత్తగానే అన్నారు. మళ్లీ తెరవమని పిటిషన్ పెట్టుకోవచ్చని కూడా చెప్పారు. అబద్ధం చెప్పిన మనిషి తర్వాతి కేసు ఫైలు తీసుకున్నాడు. నేను తోట పోగొట్టుకుని మెట్లు దిగాను.

బయట మా ప్లీడరుగారు, "అక్కగారూ, ఆ పుస్తకం ఇంట్లో పెట్టి రాలేకపోయేరా?" అన్నారు. మళ్లీ నాతో మాట్లాడలేదు.

చెరువాయన చెప్పుల్లో కాళ్లు పెడుతూ దగ్గరకొచ్చాడు. "మా ప్లీడరుగారు మూడేళ్లుగా చెయ్యలేంది మీరు మూడు నిమిషాల్లో చేసేరండి, పిన్నిగారూ." నవ్వలేదు. మర్యాదగానే అన్నాడు.

ఆ సాయంత్రం ఐదుకి మోటార్లు వేశాడు.

వేరే ప్లీడరును పెట్టుకుని సెప్టెంబరు నాలుగున పిటిషన్ వేశాను. నవంబరులో జడ్జిగారికి బదిలీ అయింది. ఇన్‌చార్జి జడ్జిగారు వారానికి ఒక్కరోజు వచ్చేవారు. ఆ పిటిషన్‌కి పదకొండు వాయిదాలు పడ్డాయి. మరుసటి ఏడు అక్టోబరులో కేసు మళ్లీ తెరిచారు, ఉత్తర్వు మళ్లీ ఇచ్చారు. అప్పటికి చెరువాయన రెండు పంటల రొయ్యలు తీశాడు.

ఉత్తర్వు వచ్చిన మర్నాడు తోటంతా తిరిగి లెక్క రాశాను. మొత్తం చెట్లు అరవై ఎనిమిది. చచ్చినవి నలభై ఒకటి. మట్టలు ఎండి, కాపు లేకుండా నిలబడ్డవి పదమూడు. కాపు ఉన్నవి పద్నాలుగు. నలభై ఐదు రోజులకోసారి కాయ దించే దింపుల్లో పోయినవి తొమ్మిది.