చెప్పులు విడిచి ఎక్కిన గుట్ట

మేము గుట్ట ఎక్కిన మరుసటి రోజు పేపర్లో రెండు వాక్యాలు పడ్డాయి. సిరిసిల్ల, కోరుట్ల భక్తులు మొక్కు తీర్చుకోవడానికి చెప్పులు లేకుండా గుట్ట ఎక్కారని. ఆ గుట్ట మీద దేవుడు లేడు. మాకు మొక్కూ లేదు. మేము ఎక్కింది ఒక మనిషిని ఇంటికి తెచ్చుకోవడానికి. లైబ్రరీలో పాత పేపర్లను కట్టగట్టి దాస్తారు. ఎప్పుడో ఎవరో ఆ కట్ట విప్పితే ఆ రెండు వాక్యాలే నిజమనుకుంటారు. జరిగింది జరిగినట్టు ఒకచోట ఉండాలని ఇది రాస్తున్నాను.

అప్పట్లో నేను సిరిసిల్లలో ఇంట్లో కూర్చుని మరమగ్గాలకు కండెలు చుట్టేదాన్ని. బడి ఏడో తరగతితో ఆగింది. మిగతా చదువంతా లైబ్రరీలోనే, అదీ నాకు నేనుగా. అక్కడ కొండలెక్కేవాళ్ళ పుస్తకాలు ఒక అర నిండా ఉండేవి. అన్నీ చదివాను. మంచును కళ్ళతో చూడలేదు గానీ మంచులో కాలివేళ్ళు ఎట్లా కాపాడుకోవాలో ఎవరడిగినా చెప్పగలను.

కోరుట్లలో మా చిన్నమ్మ కూతురు, నాకు చెల్లె, బీడీలు చుట్టేది. ఆమె భర్త గల్ఫ్‌లో, కడుతున్న బిల్డింగు మీది నుంచి పడ్డాడు. నడుము దెబ్బతింది. విమానంలో పడుకోబెట్టే తేవాలని అక్కడి డాక్టర్ అన్నాడట. అట్లా తేవాలంటే కొన్ని సీట్లు తీసి పరుపు వేస్తారు, వెంట ఒక మనిషి ఉండాలి. కంపెనీ మామూలు టికెట్ వరకే ఇస్తానంది.

చందాలు అడుగుదామంటే, మా ఊళ్ళల్లో వారానికొకరు ఇదే పని మీద తిరుగుతున్న రోజులవి. ఒకరి భర్త అక్కడి జైల్లో, ఇంకొకరి కొడుకు శవపెట్టెలో. మగ్గాలు సగం రోజులు ఆగే ఉంటున్నాయి. జనం దగ్గర ఇవ్వడానికి లేదు, వినడానికి ఓపికా లేదు.

విదేశాల్లో జబ్బు మనుషుల కోసం గుంపుగా కొండలెక్కుతారని, ఎక్కితే ఇంత డబ్బు ఇస్తామని తెలిసినవాళ్ళు ముందే మాటిస్తారని ఒక పత్రికలో చదివాను. ఆ ముచ్చట కార్ఖానాలో చెబితే మా మరిది మగ్గం ఆపి మరీ నవ్వాడు.

“వదినే, మగ్గాలు బందైనయని ఇగ గుట్టలెక్కిపిస్తవా?”

“ఊకె చెయ్యి చాపితె ఎవలిస్తరు? ఏమన్న చేసి చూపెడితె ఇస్తరు.”

“గట్లయితె నేనొస్త. ఇంట్ల కూసుంటె తిట్లే గదా!”

అతనితో పాటు ఇంకో నలుగురు మగ్గం పనివాళ్ళు, చెల్లె, ఆమెతో బీడీలు చుట్టే ఒకామె, నేను. గుట్ట బీర్పూర్ వెళ్ళే తొవ్వలో ఉంది. దారి చూపడానికి ఆ పక్క ఊళ్ళో కల్లు గీసే ముసలాయన ఒప్పుకున్నాడు. మొత్తం తొమ్మిది మందిమి. ఒక్కొక్కరు పైకి చేరితే ఇంత అని కొందరు మాటిచ్చారు. కోరుట్లలో చెప్పుల దుకాణం ఆయన, పైసలు లేవని చెప్పి, తొమ్మిది జతల గుడ్డ బూట్లు ఇచ్చాడు.

జగిత్యాలలో ఒక రైసుమిల్లు సేటు ఉన్నాడు. పాత దొరల ఇంటి మనిషి. ఆయన నన్నే ఎగాదిగా చూశాడు.

“పడ్డోని పెండ్లాం గూడ ఎక్కుతదా?”

“ఎక్కుతది.”

“పదిహేనేండ్ల సంది బీడీల చాట ముంగట కూసున్న మనిషి! సరే, ఆమె పన్నెండు గొట్టె లోపట పైకి చేరితె వాన్ని పండవెట్టి తెచ్చే ఖర్చంతా నాది. చేరకపోతె అందరి లెక్కనే నాది గూడ ఐదొందలు.”

అట్లా మొత్తం మా చెల్లె కాళ్ళ మీద పడింది. తంబాకు దుమ్ముకు రెండు మెట్లెక్కితేనే దగ్గే మనిషి.

పొద్దున్నే గుట్ట కిందికి చేరాం. సేటు పన్నెండు లోపు కారులో వచ్చి కింద నుంచి చూస్తానన్నాడు. చెల్లె బూట్లు విప్పి పక్కపక్కన పెట్టి, రాతిని ముట్టుకుని చేతిని కళ్ళకద్దుకుంది. ఆమె వెనక ఉన్నవాళ్ళూ విప్పారు. నేనూ విప్పాను. చదివిన ఆ పుస్తకాలన్నీ ఆ క్షణంలో ఎక్కడికి పోయాయో తెలియదు. పుట్టినప్పటి నుంచి మేము గుట్ట ఎక్కింది దేవుడి దగ్గరికే. కాళ్ళకు ఇంకో అలవాటు లేదు. గీసే తాత ఎప్పుడూ వట్టికాళ్ళ మనిషి. ఇచ్చిన జతను కూడా ఆయన వేసుకోలేదు. కాబట్టి ఆయనకు ఇందులో వింత కనబడలేదు.

పుస్తకంలో చూసినట్టు అందరి నడుములకు వరసగా తాడు కట్టాను. పది అడుగులు పోగానే ఒకడు ముళ్ళ కంపలో చిక్కాడు, ఇంకొకడు లుంగీ సర్దుకోవడానికి ఆగాడు, మధ్యలో ఇద్దరు కూలబడ్డారు.

తాత వెనక్కి తిరిగి చూశాడు. “ఏంది బిడ్డా, అంగడికి పసులను తోలుకపోతున్నట్టున్నది?”

తాడు విప్పేశాను. సగం గుట్ట ఎక్కేసరికి ఎండ ముదిరింది. రాయి పెనంలా కాలింది. మరిది ఒంటికాలి మీద ఎగురుతూ, “వదినే, మన బూట్లేవి?” అన్నాడు. అందరం కాళ్ళు చూసుకున్నాం. ఒక్కసారిగా నవ్వు. నవ్వు ఆగాక భయం. దిగి మళ్ళీ ఎక్కితే పన్నెండు దాటుతుంది.

మగ్గం పనివాళ్ళు భుజాల మీది తువ్వాలలు చింపారు. ముడి అరికాలి కింద పడకుండా చీలమండ మీదికి ఎట్లా కట్టాలో తాత చూపించాడు. అందరం లేచాం. చెల్లె లేవలేదు.

“అక్కా, నాతోని కాదే. గుండె నోట్లకొస్తున్నది.”

ఊపిరి ముక్కుతో తీసుకోమన్నాను. అడుగుకో లెక్క పెట్టుకోమన్నాను. పుస్తకాల్లో ఉన్నదంతా చెప్పాను. ఆమె పైకి చూసి తల దించుకుంది. మిగతావాళ్ళు ఎక్కినా లాభం లేదని అందరికీ తెలుసు.

తాత ఆమె పక్కన కూర్చున్నాడు. “బీడీల కట్టకు ఎన్ని?”

“ఇరవయ్యైదు.”

“దినాం ఎన్ని చుడుతవు?”

“వెయ్యి. నలభై కట్టలు.”

“గింత దూరానికి గన్ని కావు. ముప్పై కట్టలుంటె ఎక్కువ.”

చెల్లె మిగిలిన గుట్టను కొలిచినట్టు చూసింది. “ముప్పయ్యేనా? గదైతె రోజుకన్న తక్కువే గదా!” అని లేచింది.

ఇరవై అయిదు అడుగులు వేయడం, ఆగడం, వేలు మడవడం. మళ్ళీ ఇరవై అయిదు. దగ్గొస్తే కట్ట మధ్యలో ఆపేది కాదు. పూర్తి చేసి దగ్గేది. తోటి బీడీలామె వెనక నుంచి, “ఈ కట్ట వదులైంది, కంపెనీ వాపస్ ఇస్తది!” అని ఆటపట్టిస్తుంటే, “నీ కట్టలు చూసుకోవే” అని తిప్పికొట్టింది. చివర నిలువు బండ దగ్గర తాత ముందెక్కి, తాటిచెట్టుకు వాడే మోకును ఆమె చంకల కింద తిప్పి పట్టుకున్నాడు. కింద నుంచి మేము తోశాం. ఆమె లెక్కకు ఇరవై తొమ్మిదో కట్ట సగంలో ఉండగా పైకి చేరింది. పన్నెండుకు ఇంకా టైముంది. సిరిసిల్ల తెల్ల గుడ్డ ఒక తాను తెచ్చుకున్నాం. దాన్ని రెండు కొసలా పట్టుకుని ఊపాం. కింద సేటు కారు హారన్ కొట్టాడు. చెల్లె ఏడ్వలేదు. నీళ్ళు అడిగి తాగింది.

దిగాక సేటు మా బూట్ల వరస ముందు నిలబడి ఉన్నాడు. “వీటిని చూసి, ఎక్కకుంటనే పారిపోయిన్రనుకున్న. ఎందుకిడిసిన్రు?”

“గుట్టెక్కేటప్పుడు చెప్పులేసుకుంటరా సేటూ?” అంది చెల్లె.

ఆయన మాట తప్పలేదు. కాగితాలకు కొన్ని వారాలు పట్టింది. ఆ తర్వాత అంబులెన్సు కోరుట్ల గల్లీలోకి వచ్చి ఆగింది. ఇప్పుడు చెల్లె భర్త గోడకు ఆనుకుని కూర్చుంటాడు. బీడీలకు తునికాకు కత్తిరించి ఇస్తాడు. నడవలేడు. ఉన్నాడు. మాకు అది చాలు.

ఇందులో ఎవరి పేర్లూ లేవు. మాకు పేరు కన్నా వరసే దగ్గర. తువ్వాలలు చింపిన మరిదికి, నలుగురు తమ్ముళ్ళకు, తిరిగి ఇవ్వబోతే బూట్లు వాపస్ తీసుకోని దుకాణం అన్నకు, మాట నిలుపుకున్న సేటుకు, గల్ఫ్ దవాఖానలో చెల్లె భర్త పక్కన కూర్చుని విమానంలో వెంట వచ్చిన ముస్తాబాద్ పిలగాడికి, ఆ పత్రికను నెలరోజులు నా దగ్గరే ఉంచుకోనిచ్చిన లైబ్రరీ సారుకు, కల్లు గీసే తాతకు రుణపడి ఉన్నాను. ఈ మాటే చెల్లెకు కూడా చెప్పబోతే చేతిలో ఆకు వదలకుండానే అడ్డుకుంది.

“నాకెందుకే? నా మొగన్ని నేను తెచ్చుకున్న.”